కార్జంలో నాయనమ్మ చోటు

రాజోలు దగ్గర పల్లెలో ఉండే సువార్తమ్మ గారు బడికి వెళ్ళింది రెండేళ్ళే. అంతమాత్రాన ఆవిణ్ణి ఏమార్చవచ్చనుకుంటే పొరపాటే. దొడ్లో ప్రతి కొబ్బరిచెట్టుకీ ఓ చుట్టం పేరు పెట్టుకుంది. ఏ చెట్టుకి ఎప్పుడు కాయల దింపు తీయించిందో పేరు తల్చుకుంటే చాలు, గుర్తొచ్చేసేది. మనవరాలు లిడియా డాక్టరు చదువులో చేరి, కార్జం పాఠం, అదే లివరు గురించి, బుర్రలో నిలవడం లేదని ఏడిస్తే ఆ కిటుకే నేర్పింది.

"మనింట్లో వాళ్ళ పేర్లు పెట్టుకోవే. మర్చిపొమ్మన్నా మర్చిపోవు."

పరీక్షల ముందు ఆదివారం, ప్రార్థన చెయ్యడానికి వచ్చే పాస్టరు ప్రభాకరరావు గారిని భోజనానికి పిలిచారు. ఆ పొద్దున్న కోడిని బాగుచేస్తూ, కార్జాన్ని అంటుకుని ఉండే చేదుతిత్తిని సువార్తమ్మ గారే కత్తితో చిదిపేసింది. పచ్చటి నీరు మాంసమంతా పాకింది.

"పక్కన నిలబడి వాగితే చెయ్యి తప్పదా?" అని నింద కోడలు ఎస్తేరు మీదికి తోసేసింది. ఎస్తేరు ఉప్పూ పసుపూ వేసి కడిగింది.

పాస్టరు గారు భోజనానికి కూర్చోగానే పెద్దావిడ గొప్పలు మొదలయ్యాయి.

"కిటుకు నాదేనండి అయ్యగారూ. చెప్పవే లిడియా."

"ఇప్పుడొద్దు నాయనమ్మా."

"సిగ్గెందుకే? చెప్పు."

"కుడివైపు పెద్ద లోబు తాతయ్య. ఎడమది నాన్న. వెనకాల పైన ఇరుక్కున్న చిన్నది అమ్మ. దాని కిందది తమ్ముడు." లిడియా ఆగిపోయింది.

"మరి నన్నెక్కడ పెట్టేవు?"

"తమ్ముణ్ణి ఆనుకుని... గాల్ బ్లాడరు."

"అంటే ఏంటమ్మా?" అన్నారు పాస్టరు గారు, తెలియక.

"చేదుతిత్తండి," అంది లిడియా.

ఎవరన్నా నవ్వితే బాగుండేది. సువార్తమ్మ గారు వాళ్ళని నాలుగు తిట్టి సరిపెట్టుకునేది. ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారు తలొంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపి మంచినీళ్ళు తాగారు.

"చేదొచ్చిందాండీ? నావల్లేనండి, పొరపాటైపోయింది," అంది ఎస్తేరు.

సువార్తమ్మ గారు ముసుగు నుదుటిదాకా లాక్కుంది.

ఆయన వెళ్ళాక వంటింట్లోకి వచ్చింది.

"చిదిపింది నేను కదా. నువ్వెందుకు మీదేసుకున్నావు?"

"అలవాటేనండి అత్తయ్యగారూ," అంది ఎస్తేరు, గిన్నె తోముతూనే.

సువార్తమ్మ గారు మిగిలిన చేదు కూరంతా తన కంచంలో వంచుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. గుమ్మంలో లిడియా ఏడుపు మొహంతో నిలబడింది.

"ఆ పేరు మార్చేస్తాను నాయనమ్మా."

"మార్చకు. పరీక్షలో మర్చిపోతావు," అంది, మొహం ఎత్తకుండా.