మైపాడు పడవకు రెండు ఫొటోలు

మైపాడు పోలేరయ్యకు కోపం ముక్కు మీద ఉంటుందని ఇందుకూరుపేట దాకా తెలుసు. కానీ చెక్క చెక్కే బాడిసె పట్టినాడంటే ఆ మనిషే వేరు. ముప్పై ఏళ్లుగా పడవలు చేస్తున్నాడు గానీ, ఒక్కనాడూ కాగితం మీద గీత గీసి ఎరగడు. చెక్కను చేత్తో నిమిరి 'ఊఁ' అన్నాడంటే, ఇక దానికి తిరుగులేదు.

పందొమ్మిది వందల అరవై రెండులో కొత్త తీరు పడవ ఒకటి చేసినాడు. మైపాడు అలలంటే మాటలా! ఒడ్డు దాటేలోపే పడవను నింపి పారేస్తాయి. అందుకని ముక్కును బాగా ముందుకు లాగి, పైకి పోనుపోను రెండు పక్కలా విచ్చుకునేట్టు మలిచినాడు. నీళ్లు లోపలికి రాకుండా బయటికే విరిగిపడతాయి. సరిగ్గా అప్పుడే జాలర్ల పడవల సంఘం వాళ్లు కోస్తా అంతటికీ ఒకే తీరు ఎంచుతాం, ఫొటోలు పంపండని కబురు పెట్టినారు. తన చేతి తీరు కోస్తా అంతా నిలబడాలి, పోలేరయ్యకు ఇంకో ధ్యాస లేదు. ఫొటో పంపినాడు.

సంఘం ఇన్‌స్పెక్టరు రంగనాయకులు దగ్గర్నుంచి జవాబొచ్చింది. "ముక్కు చాట మాదిరి చదునుగా ఉంది. మొదటి అలకే మునుగుతుంది. నెలాఖరులోగా వేరేది ఏదైనా ఉంటే చూపించవచ్చు."

పోలేరయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా ఇందుకూరుపేట పోయి, ఫొటో తీసిన స్టూడియో పద్మనాభయ్య మీద విరుచుకుపడ్డాడు.

"ఏం సామీ, నా పడవను చాట చేసి పెట్టినావే!"

"ముందు కూర్చో పోలేరన్నా," అన్నాడు పద్మనాభయ్య. "తప్పు నాది కాదు, కెమెరాది. దానికి ఒకటే కన్ను. ఎదురుగా తీస్తే ముక్కు ఎంత ముందుకొచ్చిందో తెలీదు. పక్క నుంచి తీస్తే ఎంత విచ్చుకుందో తెలీదు. అదే మన కళ్లయితే రెండూ రెండు రకాలుగా చూస్తాయి. ఆ తేడాను బట్టే బుర్ర ఇది దగ్గర, అది దూరం అని తేలుస్తుంది. అందుకని కళ్ల మధ్య దూరమెంతో కెమెరాను అంత జరిపి రెండు ఫొటోలు తీస్తా. ఏ కంటి ఫొటో ఆ కంటికే కనపడేట్టు ఒక పెట్టె చెయ్యి. చూసేందుకు భూతద్దాలు నేనిస్తా."

"పడవ వెనకపక్క కూడా కనపడుద్దా?"

"కనపడదు. ఫొటోలో వెలుతురు ఎంత పడిందో ఉంటుంది గానీ, ఎటు నుంచి వచ్చిందో ఉండదు. అది కూడా పట్టాలని దొరలు తంటాలు పడతా ఉండారంట. పట్టినారంటే చూడు, ఫొటోలోకి కిటికీలోకి చూసినట్టు చూడొచ్చు. తల పక్కకు జరిపితే పడవ పక్కభాగం కనపడుద్ది. ముందు ముందు పెట్టె లేకుండా గాల్లోనే నిలబడుద్దేమో, చుట్టూ తిరిగి వెనకపక్క చూసుకుందువు!"

"గాల్లో పడవా? నీకు ఎండదెబ్బ తగిలింది సామీ," అన్నాడు పోలేరయ్య. అన్నాడు గానీ, మూడు రోజుల్లో టేకుచెక్కతో ముద్దొచ్చే పెట్టె చేసినాడు. పద్మనాభయ్య ఫొటోలు అమర్చి చూడమంటే మాత్రం చూడలా. "దినామూ నిజం పడవ చూస్తా ఉండా, బొమ్మ నాకెందుకు?"

పెట్టె తీసుకుని సంఘానికి పోతా ఉంటే పెళ్లాం నాగులమ్మ వెంట బయల్దేరింది. "నువ్వు నోరు జారతావు, నేనూ వస్తా," అంది. ఇద్దరూ రైలెక్కి సంఘం ఆఫీసుకు పోయినారు.

రంగనాయకులు కుర్చీలోకి రాకముందు ఇరవై ఏళ్లు పడవల వడ్రంగం చేసిన మనిషే. పెట్టె అందుకుని వెలుతురుకు పట్టి చూసినాడు.

"ఏముందయ్యా ఇందులో? అదే చాట."

పోలేరయ్య పెట్టె లాక్కుని తానూ చూసినాడు. చదునే! "ఓరి పద్మనాభయ్యా, నా కొంప ముంచినావు గదరా!" అని అరిచినాడు.

నాగులమ్మ పకపకా నవ్వింది.

"నవ్వుతావేందే?"

"నవ్వక ఏం చెయ్యమంటావు? చెక్క వంకర చూసేటప్పటి మాదిరి నువ్వూ ఒంటికన్ను మూసినావు, ఆ సారూ మూసినారు. రెండు ఫొటోలు పెట్టింది దేనికయ్యా? రెండు కళ్లూ తెరిచి చూడు!"

పోలేరయ్య నాలిక్కరుచుకుని రెండు కళ్లూ తెరిచినాడు. కాసేపటికి రెండు బొమ్మలూ ఒకటైనాయి. అమ్మో! ముక్కు మొహం మీదికొచ్చినట్టయి ఉలిక్కిపడి వెనక్కి జరిగినాడు. తాను మలిచిన ప్రతి వంపూ అక్కడ నిలబడి ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. 'ఇంత బాగా చేసినానా?' అనుకున్నాడు.

రంగనాయకులు ఈసారి రెండు కళ్లతో చూస్తా పెట్టెను చానాసేపు దించలా.

"దీంట్లోకి నీళ్లెక్కవయ్యా. తప్పు నాది," అన్నాడు చివరికి. "కానీ సంతకం మాత్రం ఎక్కి చూసినాకే."

అన్నట్టే వారానికి మైపాడు వచ్చినాడు, ఇస్త్రీ పంచె కట్టుకుని. ఊరంతా ఒడ్డున నిలబడింది. పడవ మూడు అలలు దాటి పోయి, మూడూ దాటి తిరిగొచ్చింది. దిగేటప్పుడు ఆయన పంచె అంచు తప్ప తడవలా. ఆయన కాగితం తీసి పడవ ముక్కు మీదే పరిచినాడు. ఎంచిన తీరు అన్నచోట 'మైపాడు పోలేరయ్య తీరు' అని రాసి, కింద సంతకం పెట్టినాడు.