పిన్ని పేజీలో పెళ్ళికొడుకు

పత్రికలో కూర్చుని ఊరందరి తప్పులూ దిద్దే నేను, ఒకే ఒక్క మధ్యాహ్నం మా పిన్ని వ్యాపారాన్నీ నా సంసారాన్నీ కలిపి ఎలా ముంచబోయానో చెబుతాను. ఏడెనిమిదేళ్ళ కిందటి మాట.

మా పిన్ని తెనాలిలో పెళ్ళి సంబంధాలు కుదురుస్తుంది. బాపట్ల అమ్మాయికి రేపల్లె అబ్బాయిని ముడిపెట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. కానీ జనం ఫోన్లలోనే సంబంధాలు చూసుకోవడం మొదలుపెట్టాక ఆమె గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గారు.

"ఒరేయ్, నేనూ ఫోన్లోకి ఎక్కాలిరా. ఇన్‌స్టాగ్రామ్ అయితే బాగుంటుందా?" అంది.

నేను నవ్వాను. అన్నీ తెలిసినవాడి నవ్వు. "అందులో ఉండేది పెళ్ళి చేసుకునే పిల్లలు పిన్నీ. సంబంధం చూసేది అమ్మానాన్నలు, మేనత్తలు. వాళ్ళంతా ఫేస్‌బుక్‌లో ఉన్నారు."

"మరి వాట్సాప్ గ్రూపో?"

"గుడ్ మార్నింగుల కింద నీ పెళ్ళికొడుకులు కప్పబడిపోతారు."

ఈ విశ్లేషణలో నాకు ఇప్పటికీ లోపం కనబడదు. నా కొంప ముంచింది కూడా అదే.

ఫేస్‌బుక్‌లో పిన్ని పేరుతో, ఆమె ఫోన్ నంబరుతో పేజీ తెరిచాను. పత్రికలో కొత్త పేజీకి ముందు నమూనా వేసి చూసుకోవడం మాకు అలవాటు. ఏదో ఒక ఫొటో, ఏవో నాలుగు మాటలు. చేతికి దొరికిన ఫొటో నాదే. పెళ్ళికి ముందు, జుట్టుతో సహా తీయించుకున్నది. కింద రాశాను: 'వరుడు. తెనాలి. పత్రికలో ఉద్యోగం. ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. సౌమ్యుడు. తగిన వధువు కావలెను.' ఎలా కనబడుతుందో చూద్దామని పోస్ట్ నొక్కాను. పిన్నికి చూపించి వెంటనే తీసేద్దామనుకున్నాను. ఇంతలో ఆమె పులిహోర పెట్టింది. తిని ఓ కునుకు తీశాను.

లేచేసరికి నా ఫొటో కింద తిరునాళ్ళ.

"ఈయనకు పెళ్ళయిందండి. రేపల్లెలో నేను భోజనం కూడా చేశాను. సాంబారు చల్లారిపోయింది" అని ఒకాయన.

"అయిదు పదా? స్టూలెక్కి కొలిచారా బావగారూ?" అని బాపట్ల బావమరిది.

"సౌమ్యుడన్నది కూడా విచారించుకోండి" అని ఆఫీసులో నా పక్క సీటాయన.

చెరిపేశాను. కానీ చూడాల్సినవాళ్ళు చూసేశారు. పుట్టింటికి వెళ్ళిన మా ఆవిడ సాయంత్రం రైలుకే రేపల్లె నుంచి తల్లితో సహా పిన్ని ఇంట్లో దిగింది.

పిన్ని ముఖం పాలిపోయింది. "పెళ్ళయినవాణ్ణి పెళ్ళికొడుకని పెట్టానని మూడూళ్ళకీ తెలిసిపోయిందిరా. ఇక నా మాట ఎవరు నమ్ముతారు?"

మా ఆవిడ నా వంక చూడనే లేదు. "చిన్నత్తయ్యా, దాచకుండా చెప్పండి. ఈయన కోసం ఎంతమంది ఫోన్ చేశారు?"

పిన్ని నా వైపు జాలిగా చూసింది. ఒక్క అబద్ధమాడితే నా పరువు నిలిచేది.

"ఇద్దరమ్మా. ఒకావిడ ఇంకెవరైనా అబ్బాయి ఉన్నాడా అని అడిగింది. రెండోది రాంగ్ నంబరు."

మా ఆవిడ గోడకు ఆనుకుని మరీ నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సొంత మనిషి గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పారు వదినగారూ. మా మేనకోడలికి సంబంధం మీరే చూడండి."

ఆ పేజీకి వచ్చే సంబంధాలతో పిన్నికి ఇప్పటికీ తీరిక లేదు. సరైన వేదికే ఎంచానని నేనూ కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంటాను. అయినా ఆ మర్నాడే తెనాలి స్టేషన్లో అత్తగారిని రైలెక్కించి, ఆ ప్లాట్‌ఫారం మీదే చెయ్యి చాచి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ పేజీకి నమూనా వేసినా అరటిగెల ఫొటో పెడతానే తప్ప నా ముఖం పెట్టను. గెలకైతే కనీసం బేరమైనా తగులుతుంది.