అధ్యక్ష పదవికి ఒక పేజీ

చెన్నై చింతాద్రిపేటలో మా తెలుగువాళ్ళ సంఘానికి ఒక కల్యాణ మండపం ఉంది, మూడేళ్ళకోసారి అధ్యక్ష ఎన్నిక ఉంటుంది. ఇప్పుడు అధ్యక్షుణ్ణి నేనే. ఎలా అయ్యానో ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ ఏడు పాత కమిటీని ఎలాగైనా దించాలని మా వర్గమంతా పట్టుదలగా ఉంది. మాలో ముగ్గురికి అధ్యక్ష పదవి మీద ఆశ. ముగ్గురం నిలబడితే ఓట్లు చీలి పాతవాళ్ళే మళ్ళీ కూర్చుంటారు. అందుకని ముందు ఒక ఆదివారం మాలో మేమే ఓట్లు వేసుకుని, నెగ్గినవాణ్ణి అందరి తరఫునా నిలబెడదాం అనుకున్నాం. ఒకాయనకు పురసవాక్కంలో నగల కొట్టు. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. మండపానికి ఏసీ పెట్టిస్తానని కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాడు. రెండోవాడు నా చిన్ననాటి స్నేహితుడు. మూడోవాణ్ణి నేను.

నా స్నేహితుడికి ప్రచారం చేతకాదు. ఆ అవసరమూ లేదు. పేటలో ఎవరింట్లో చావు జరిగినా పాడె కట్టే దగ్గర్నుంచి శ్మశానం దాకా వాడు ఉండేవాడు. పెళ్ళి జరిగితే అందరూ తిన్నాక చివరి బంతిలో కూర్చునేవాడు. నేనేమో రిటైరైన గుమాస్తాని. వాట్సాప్ గ్రూపులో పండగ శుభాకాంక్షలు పెట్టడం తప్ప ఎవరికీ ఒరగబెట్టిందేమీ లేదు. వీధుల వారీగా పేర్లు రాసుకుని చూస్తే సగానికి పైగా ఇళ్ళ ఓట్లు వాడివే. నాకు కడుపు మండింది. ఇంత చదువుకుని నేను వాడికి చప్పట్లు కొట్టాలా అనిపించింది.

వాడికున్న లోటు ఒక్కటే, అది నాకొక్కడికే తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బళ్ళో తమిళమే చదివాడు. తెలుగు అక్షరాలు రావు. పెళ్ళిళ్ళలో చదివింపులు చదవడానికి మాత్రం వాణ్ణే పిలిచేవారు, గొంతు అంత బాగుండేది. కాగితం వాడి చేతిలో ఉండేది. వెనక నిలబడి నేను మెల్లగా అందిస్తే, వాడు మైకులో ఖంగున పలికేవాడు. అన్నేళ్ళలో ఎవరూ పసిగట్టలేదు.

నేను నగలాయన దగ్గరికి వెళ్ళాను. ఓటింగుకు ముందు ముగ్గురమూ సంఘం నిబంధనల పుస్తకంలో ఒక పేజీ పైకి చదవాలని ప్రతిపాదించమన్నాను. తెలుగు సంఘం అధ్యక్షుడికి తెలుగు చదవడం రావద్దా అంటే ఎవరూ కాదనలేరని కూడా నేనే నేర్పాను. ఆయన చదువంతా తెలుగులోనే సాగింది కాబట్టి తనకే లాభమనుకున్నాడు.

"మీ ఫ్రెండుకి రాదా ఏంది?" అని అడిగాడు.

నేను నవ్వి ఊరుకున్నాను.

ఆదివారం నగలాయన గడగడా చదివేశాడు. నేను విరుపులతో, కాస్త దర్జాగా చదివాను. తర్వాత పుస్తకం వాడి చేతికి వచ్చింది. వాడేమీ కంగారు పడలేదు. కళ్ళజోడు సర్దుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి నిలబడ్డాడు. నా గొంతు కోసం ఎదురుచూస్తున్నాడు. నా కుర్చీ వాడికి రెండడుగుల వెనకే ఉంది. నేను నోరు విప్పలేదు. వాడు ఒకసారి తిరిగి చూశాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ముందు ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. నవ్వినవాళ్ళలో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు, వాళ్ళ పిల్లలకైతే మాట్లాడటమే సరిగా రాదు. అయినా నవ్వారు.

"నాకు చదవను రాదప్పా," అన్నాడు వాడు మైకులో. "తెలిసీ నిలబడింది నా తప్పే. నేను తప్పుకుంటా ఉండా. నాకు ఎయ్యాలనుకున్నోళ్ళు మావోడికి ఎయ్యండి. వాడికి బాగా వచ్చు."

వాడి మనుషులంతా నాకే వేశారు. అసలు ఎన్నికకు వాడే నా కోసం ఇల్లిల్లూ తిరిగాడు. గెలిచిన రోజు పెద్ద మాల తెచ్చి నా మెడలో వేశాడు. ఆ తర్వాత వారానికి నగలాయన వాడికి అసలు సంగతి చెప్పాడు. అక్కసు తీర్చుకుని, ఆయన సంఘమే మానేశాడు.

వాడు మండపానికి రావడం లేదని తెలిసి వాడింటికి వెళ్ళాను. భార్య ఊళ్ళో లేదు, వాడొక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి ప్రెసిడెంటు గారూ, కూర్చోండి," అన్నాడు.

ఒరేయ్ అని తప్ప నన్ను పిలిచి ఎరగడు. తప్పయిపోయిందిరా అన్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా.

"ఈడికొచ్చి ఒక మాట అడిగుంటే నేనే ఇచ్చేసుందును గదా," అన్నాడు వాడు. "ఇంక నేను ఒకటే అడగతా. మనోళ్ళలో ఎవురన్నా పోతే పదకొండో రోజు ప్రెసిడెంటు సంతాపం చదవతాడే, నేను పోయినాక అది మీరు చదవబాకండి," అన్నాడు.

సరేనన్నాను. నిరుడు వానాకాలంలో గుండె ఆగి వాడు పోయాడు.

పదకొండో రోజు మండపం పట్టక జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. సంతాపం నేనే రాశాను, రాయొద్దని వాడు అనలేదు. చదవమని కార్యదర్శిని అడిగాను, కోశాధికారిని అడిగాను, వాడి కొడుకుని కూడా అడిగాను. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. అందరూ నావైపే చూశారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు నిమిషాలు మౌనంగా నిలబడి జనం వెళ్ళిపోయారు. పేటలో ప్రతి చావుకూ ముందుండినవాడికి మా సంఘం తరఫున ఒక్క మాట దక్కలేదు.

వాడి భార్య నా దగ్గరికి వచ్చింది.

"మీరు చదవతారని చూస్తా ఉండానన్నా. ఆయనకి మీరంటే ఎంత ప్రాణం. ఎందుకన్నా చదవలా?"

ఆమెకు కూడా వాడు ఏమీ చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది.

"గొంతు బాగాలేదమ్మా," అన్నాను.