మజ్జిగ కలిసిన అంబలి, ముసలి ఈగలు

మా గుండ్లపోచంపల్లి కాలనీలో ఒక మాట తిరుగుతుంది: జొన్న అంబలి తాగితే ముసలితనం దగ్గరికి రాదని నేను ల్యాబ్‌లో ఈగల మీద రుజువు చేశానట. నేను రుజువు చేసిందేమీ లేదు. చేసింది ఒక ప్రయోగాన్ని చెడగొట్టడం. ఆ ముక్క చెప్తే వాకింగ్‌కు వచ్చే ఆడవాళ్ళు నమ్మరు, మొహమాటపడుతున్నాననుకుంటారు. నాకు మొహమాటమా?

శామీర్‌పేట వైపు ఒక ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలను గాజు గొట్టాల్లో పెంచడం, వాటికి మేత వండడం, చచ్చినవాటిని లెక్కపెట్టడం నా పని. పరిశోధన చేసే అమ్మాయి కోస్తా నుంచి వచ్చింది, నన్ను అక్కా అనేది. కొన్ని ఈగలకు పులిసిన జొన్న అంబలి కలిపిన మేత, మిగతావాటికి పులియని జొన్న గంజి కలిపిన మేత పెట్టి, ఏవి నిదానంగా ముసలివవుతాయో చూడాలి. అంబలి మా ఇంటి నుంచి తెస్తానన్నాను, మా అత్తమ్మ కుండలోది. అనడం నా తప్పు, వద్దనకపోవడం ఆ అమ్మాయి తప్పు.

గొట్టాన్ని తడితే ఈగలన్నీ కిందపడి మళ్ళీ పైకి ఎక్కుతాయి. వయసు మీరినవి అడుగునే ఉండిపోతాయి. వారాలు గడిచినా అంబలి ఈగలు ఎక్కుతూనే ఉన్నాయి, గంజివి ఎక్కడం మానేశాయి. ఆ అమ్మాయికి అది చివరి సంవత్సరం. ఈ ఫలితం మీదే తన పీహెచ్‌డీ అంతా నిలబెట్టుకుంది. సంబరంగా వెళ్ళి అత్తమ్మకు చెప్పాను.

ఆమె జొన్నలు చెరుగుతూ, "సల్ల వోసినంక ఎక్కక ఏంజేస్తయి?" అంది.

నేను పట్టుకెళ్ళే డబ్బాలో ప్రతిసారీ ఒక గరిటె మజ్జిగ కలిపిందట. అదేం పని అంటే నన్నే ఎదురడిగింది. "ఉత్త అంబలి పగోనికి గూడ పొయ్యరు. ఈగలైతే ఏంది, వాటికి నోరు లేదా?"

అంబలిని పరీక్షిస్తుంటే అందులో మజ్జిగ కలిస్తే ఏది పనిచేసిందో తెలియదని ఆమెకు చెప్పడానికి గంట పట్టింది. ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయికి చెప్పేశాను. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదక్కా" అంది.

"మా అత్తమ్మకు తెలుసు. ఆమె ఊరంతా చెప్తది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఈగలు చచ్చేలా గొట్టాలన్నీ ఫ్రీజర్‌లో పెట్టేసింది. గడువు పొడిగించమని రాసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కుండ ల్యాబ్‌లోనే, మజ్జిగ పడకుండా కాపలా నాది. ఈ అంబలి ఈగలు గంజి ఈగలతో పాటే, అదే వారంలో అడుగుకు చేరాయి. తేడా లేదని రాసి, పీహెచ్‌డీ తీసుకుని వెళ్ళిపోయింది. తేడా లేదన్నా ఇస్తారని నాకప్పుడే తెలిసింది.

అత్తమ్మ మాత్రం గెలిచినట్టే తిరుగుతుంది. మజ్జిగదే మహిమ అంటే నేనొప్పుకోను. ఆమె కుండ ఏళ్ళ తరబడి పులుపు పట్టిన కుండ, ల్యాబ్‌ది కొత్తది. మజ్జిగ ఒక్కటే కొన్నిటికి, పాత కుండ అంబలి ఒక్కటే కొన్నిటికి పెట్టి చూస్తే తేలిపోతుంది. అడిగాను కూడా. ఆ పని ముగిసిపోయిందన్నారు పైవాళ్ళు. ముగిస్తే ముగిసింది, మరి మొదటిసారి ఆ ముసలి ఈగలు దేని బలంతో పైకెక్కినట్టు?