కంపకు చిక్కిన గొర్రె బొచ్చు

నిన్న సాయంత్రం చీకటి పడ్డాక వికారాబాద్ గుట్ట మీద ఎవరో టెలిస్కోప్ పెడితే నేనూ వరుసలో నిలబడ్డాను. దాన్ని ఉత్తరం వైపు తిప్పి, "ఆండ్రోమెడా, మేడం. సుడి తిరిగిన గెలాక్సీ, ఎంతో దూరం" అన్నారు. నాకు కనిపించింది ఒక తెల్లటి మసక. చూడగానే ముక్కుకు గొంగడి వాసన తగిలినట్టయింది.

తాండూరు బడిలో మనతో చదివిన మల్లమ్మ గుర్తుందా, గొర్రెల కాపరి బిడ్డ? ఎరువు కోసం రైతులు కంది కోసిన చేలలో మంద పెట్టించుకునేవారు కదా, అక్కడ వాళ్ల నాయన పక్కన ఒకే గొంగడిలో పడుకునేది. పొద్దున క్లాసుకొచ్చి చెప్పేది: "మా నాయన చూపిచ్చిండే. ఆకాశంల ఒక తెల్ల మసక, కంపకు చిక్కిన గొర్రె బొచ్చు లెక్క ఉంటది."

నేనూ మా మిద్దె ఎక్కి వెతికాను. దుకాణాల లైట్లు, నాపరాళ్ల దుమ్ము తప్ప ఏమీ లేదు. కిందికి దిగి దుకాణంలో ఉన్న మా నాన్నను పిలిస్తే, "గిరాకి ఉన్నది, జర ఆగు బిడ్డా" అన్నాడు. ఆగి ఆగి నిద్రపోయాను.

మర్నాడు క్లాసందరి ముందు మల్లమ్మను అబద్ధాలకోరు అన్నాను. మీరూ నవ్వారు, మరిచిపోయామనకండి. ఆ గొంగడి మీద నాకెంత అసూయో మాత్రం మీకెవరికీ చెప్పలేదు.

నిన్న గుట్ట మీది నుంచే మల్లమ్మకు ఫోన్ చేశాను. ఇప్పుడు కొడంగల్‌లో ఉంటోంది. నువ్వు చెప్పింది నిజమే, ఇవాళ చూశాను అన్నాను.

"ఎవలు చూపిచ్చిన్రే?" అంది.

"ఎవరో. పేరు తెల్వదు."

"అయ్యో" అంది మెల్లగా.

ఆ అయ్యోకి, ఈ వయసులో కూడా, నాకు కడుపు మండింది.