కుమారస్వామి రాసిన కమల పరీక్ష

ముప్పై ఒక్కేళ్లు బస్సులకు టైము వేసిన మనిషి కుమారస్వామి. డిపోలో కంట్రోలరుగా ఉన్నన్నాళ్లూ ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ డ్రైవరు రాకపోతే ఎవరెక్కాలో చార్టు గీసి గోడకు కొట్టేవాడు. బస్సు రెండు నిమిషాలు లేటైతే ఆయనకు బీపీ పెరిగేది. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ చార్టులు పోలేదు. అశోక్‌నగర్‌లోని వాళ్ల రెండు గదుల ఇంట్లో నల్లా వచ్చే టైముకూ ఒక చార్టుంది. ఇంటికొచ్చే చుట్టాలకూ ఒకటుందని ఆయన భార్య కమల అందరికీ చెప్పి నవ్విస్తుండేది.

అలాంటి కమల మొన్నామధ్య చిక్కడపల్లిలో కూరగాయలు కొని, ఇరవై ఎనిమిదేళ్లుగా నడుస్తున్న దారిలోనే ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. కూరగాయలామె గుర్తుపట్టి ఇంటికి తెచ్చి దింపింది. నారాయణగూడలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, డిమెన్షియా అనీ, ఇంకా మొదటి దశే అనీ తేల్చింది. "ఇప్పుడు ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి. ముందు ముందు ఎట్లా ఉండాలో ఇద్దరూ కూర్చొని ఇప్పుడే మాట్లాడుకోండి" అంది.

అందులో కుమారస్వామి తలకెక్కింది 'ఇప్పుడే' అన్న మాట ఒక్కటే. మాట్లాడుకోవడమనేది ఆయన సర్వీసులో ఎన్నడూ లేదు. ఇంటికి రాగానే స్కేలూ, మూడు రంగుల పెన్నులూ తీశాడు.

మూడో రోజుకల్లా ఫ్రిజ్ మీద చార్టు వెలిసింది. ఆరింటికి కమల లేవడం. ఆరూ పదికి చాయ్. ఏడూ అయిదుకు స్నానం. ఎనిమిదింటికి ఉప్మా. సాయంత్రం పార్కుకు రానూ పోనూ ఒక ట్రిప్పు. బాగ్ లింగంపల్లిలో ఉండే కూతురు జ్యోత్స్న పేరు, డ్యూటీ మనిషి రాకపోతే ఎక్కే 'స్పేర్' గడిలో ఉంది. అంతటితో ఆగక వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాడు. పెళ్లయిన నలభై రెండేళ్లలో ఆయన వంటింట్లో అంతసేపు ఉండటం అదే మొదలు.

మర్నాడు చారు నోట్లో పెట్టుకుంటే పాన్ డబ్బా వాసన! కుమారస్వామి కంచం పక్కకు జరిపి, భోజనానికొచ్చిన కూతురి చెవిలో గుసగుసలాడాడు.

"చూసినవా బిడ్డా, చారుల సోంపు ఏసింది. మరుపు ముదిరింది."

పాపం, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కమల లేచి వెళ్లి ఒక డబ్బా తెచ్చి ఆయన ముందు ఠంగుమని పెట్టింది. లోపల సోంపు. మీద ఆయన గుండ్రటి చేతిరాతతో 'జీలకర్ర'.

"వాసన తెల్వలేదా నీకు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"తెల్సింది. తెల్సే ఏసిన. రేపు నాకు వాసన గూడ తెల్వకుంటె మీ చీటీలే గతి గద. గప్పుడు ఏం తింటమో ఇప్పుడే చూద్దమని" అంది కమల. నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి ఆ తర్వాత నవ్వలేదు. "నా నిద్ర, నా తానం అన్ని రాసిండ్రు. నన్నొక్క మాట అడిగిండ్రా? నేను చెప్పగలిగేది ఇప్పుడే. తర్వాత అడిగినా నా తాన జవాబుండది. జ్యోత్స్నా, మీ నాయినకు ఒక పేపరు తయారుచెయ్యి. బిట్లు నేను చెప్త."

జ్యోత్స్న కొలువే అది. సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలకు కోచింగ్ సెంటర్లో బిట్ పేపర్లు తయారుచేస్తుంది. ఆదివారం పది గంటలకు తండ్రిని కుర్చీలో కూలేసి, ఫోన్ లాక్కుని, పేపరిచ్చింది. సబ్జెక్టు కమల. ఇరవై బిట్లు. తప్పుకు పావు మార్కు కోత.

కుమారస్వామి మీసం తిప్పి మొదలుపెట్టి, మూడో బిట్టుకే చెమట తుడుచుకున్నాడు.

జ్వరమొస్తే కమల నోటికి ఏది ఎక్కుతుంది? ఆయన ఉప్మాకు టిక్కు పెట్టాడు. ఉప్మా అంటే ఆమెకు నలభై రెండేళ్లుగా అసహ్యం, కావలసింది జొన్న గటక. కమలకు దేనికి భయం? బల్లికి అని పెట్టాడు. బల్లికి భయపడేది ఆయన. ఆమె భయం బయట నుంచి గొళ్లెం పెట్టిన తలుపు. ముందు ముందు స్నానం ఎవరు చేయించాలి? నేనే అని పెట్టాడు.

"వద్దు. ఇప్పటి సంది ఒక ఆయమ్మను మాట్లాడుండ్రి. ఆమె మొఖం నాకు అలవాటు కావాలె. నా తరపున ఎవరు సంతకం పెట్టాల్నో గా కాగితం గూడ నా చెయ్యి ఆడంగనే రాయించుండ్రి" అంది కమల.

ఆరు ఒప్పు, పదమూడు తప్పు, ఒకటి ఖాళీ. కోతలు పోను రెండుముప్పావు మార్కులు.

"నాయినా, నీకంటె కోచింగ్ లేనోళ్లు నయం" అని జ్యోత్స్న పగలబడి నవ్వింది. ఖాళీగా వదిలిన ఇరవయ్యో బిట్టు చూసి ఆగిపోయింది.

'మీరెవరో నాకు తెల్వని రోజు ఏం చేస్తరు? ఒకటి, ఏడుస్త. రెండు, నీ మొగుణ్ణే అని ఒర్లుత. మూడు, దవాఖానకు తీస్కపోత. నాలుగు, ఇవేవీ గావు.'

"దీనికి నాకు జవాబు తెల్వదు కమలా. నువ్వే చెప్పు" అన్నాడు కుమారస్వామి. పేపరు ఆమె ముందుకు జరిపాడు.

"నాలుగు. కొట్లాడకుండ్రి, గుర్తుచెయ్యకుండ్రి. కొత్త మనిషోలె పక్కకు కూసొని, పెండ్లిచూపులల్ల అన్న మాటే మళ్ల అనుండ్రి."

కుమారస్వామి బిక్కమొహం వేశాడు. "అప్పుడేమన్ననే?"

"మరిచిండ్రా!" కమల చేతులు చరిచి నవ్వింది. "మీ ఊరి నుంచి లాస్ట్ బస్సు ఎన్నింటికి అన్నరు. పిల్ల నచ్చక ఉరుకుతున్నడని మా అమ్మ ఏడ్పు మొకం పెట్టింది. లాస్ట్ బస్సు పోయింది, ఇగ పొద్దుగాలనే అని నేనే చెప్పిన. మీరు ఉండిపోయిండ్రు."

ఆ సాయంత్రం పాత చార్టు చించి ఇద్దరూ కలిసి కొత్తది గీశారు. ఆమె చెప్పింది, ఆయన రాశాడు. స్నానం తొమ్మిదింటికి మారింది, ఉప్మా మాయమైంది, ఆయమ్మకు ఒక గడి వచ్చింది. అట్టడుగు వరుసలో ఆయన ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు: 'పక్కన కూర్చొని అడగాలి. మీ ఊరి నుంచి లాస్ట్ బస్సు ఎన్నింటికి?'

కమల అద్దాలు పెట్టుకుని అంతా చదివి, ఆ వరుస మీద వేలు పెట్టింది.

"గీడ టైము రాయలేదు."

"రాయ" అన్నాడు కుమారస్వామి, పెన్ను మూత పెడుతూ. "గా బస్సు ఎంత లేటయితె అంత మంచిది."