గేటు వైపు తిప్పిన చెప్పులు

నా చిన్నప్పుడు జరిగిన అవమానాల్లో ఒక్కటి కూడా నేను మరచిపోలేదు. ముందు బెంచీలో కూర్చుని ఉండగానే నేను బడికి రాలేదని రాసుకున్న మూడో తరగతి టీచరమ్మ, పిన్ని పెళ్ళిలో నన్ను అంచున నిలబెట్టి ఫొటోలో చెయ్యి మాత్రమే పడేలా తీసిన ఫొటోగ్రాఫరు, అందరికీ రెండేసి జంతికలు పెట్టి నాకు ఒకటిన్నర పెట్టిన మేనత్త. వీళ్ళెవరినీ నేను క్షమించలేదు. ఇకముందు క్షమించే ఉద్దేశమూ లేదు. ఆ వరసలో మా పక్కింటి మామయ్యగారు కూడా రెండు నెలలపాటు ఉన్నారు. తర్వాత ఆయన్ను అందులోంచి కొట్టేయాల్సి వచ్చింది. నేను కొట్టేసిన మనిషి ఇన్నేళ్ళలో ఆయనొక్కరే.

అప్పుడు మేము విశాఖపట్నంలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. ఆరుగురు పిల్లల్లో నాలుగోదాన్ని. పెద్దవాళ్ళకు పెత్తనం ఉండేది, చిన్నవాళ్ళకు గారాబం ఉండేది, మధ్యలో నాకేమీ మిగల్లేదు. నేను ఇంట్లో ఉన్నానో లేదో అన్నాల వేళ కంచాలు సరిపోకపోతే తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

పక్కింటి మామయ్యగారు ఓడలు కట్టే చోట పనిచేసేవారు. పని ఇంకా బాగా నేర్చుకురమ్మని ఆయన్ను జపాన్ పంపితే, కోబే అనే ఊళ్ళో రెండేళ్ళు ఉండి వచ్చారు. ఆయనకూ అత్తయ్యగారికీ పిల్లలు లేరు. సాయంత్రం నేను వెళితే, పిడి లేని చిన్న కప్పులో పల్చటి టీ పోసి, రెండు చేతులతో పట్టుకుని నాకు అందించేవారు. తొమ్మిదేళ్ళ పిల్లకు రెండు చేతులతో ఇచ్చే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా చూడలేదు.

టీతోపాటు కోబే కబుర్లు ఉండేవి. అక్కడి హోటళ్ళలో అద్దాల వెనక మైనంతో చేసిన వంటకాలు పెడతారట. అక్కడి భాష రాని ఈయన వడ్డించే అమ్మాయిని బయటికి పిలుచుకొచ్చి వేలితో చూపిస్తే, అచ్చం అలాంటిదే లోపల వండి తెచ్చేదట. వాటిలో చేప లేనిదేదో తెలియక, చాలా రోజులు అన్నంలోకి ఉప్పులో ఊరేసిన ఎర్రటి పుల్లకాయ ఒక్కటే నంజుకుని తిన్నారట. అది నోట్లో వేసుకోగానే ఇంటి ఉసిరికాయ గుర్తొచ్చి ఏడుపొచ్చేదట. రైల్లో జనం నిలబడే నిద్రపోయి, దిగాల్సిన స్టేషను రాగానే ఎవరో తట్టి లేపినట్టు కళ్ళు తెరుస్తారట. సేమియాకు అన్నగారిలాంటి పొడుగాటి తీగలను పులుసులో వేసుకుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తినడమే అక్కడ మర్యాదట. "మీ అమ్మ వింటే వీపు పగలగొడతాది. మనిద్దరం ఉన్నప్పుడే చప్పుడు చేద్దాం," అని ఆయన టీ జుర్రేవారు. నేనూ జుర్రేదాన్ని. రోజంతటిలో నేను చేసే చప్పుడు అదొక్కటే.

ఆ వేసవిలో నాకు మొదటిసారి కొత్త చెప్పులు కొన్నారు. అంతవరకూ ఉత్త కాళ్ళతోనే వెళ్ళేదాన్ని. కొన్ననాటి సాయంత్రం వాటిని తొడుక్కుని వెళ్ళి, మామయ్యగారికి చూపించి, వాకిట్లో విప్పి లోపల కూర్చున్నాను. కబుర్ల మధ్యలో ఆయన ఒకసారి లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చారు. కాసేపటికి అత్తయ్యగారు తొంగిచూసి, "పొద్దోయింది, ఈ పిల్లకి ఇల్లూ వాకిలీ లేవేటి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను ఆ నవ్వు వదిలేసి మాట మాత్రం దాచుకున్నాను.

బయటికి వచ్చి చూస్తే నా చెప్పులు తిరిగి ఉన్నాయి. విప్పినప్పుడు వాటి ముందు భాగం ఇంటివైపు ఉంది. ఇప్పుడు రెండూ జతగా, పక్కపక్కన, గేటు వైపు చూస్తున్నాయి. నేను లోపల టీ తాగుతుండగానే నన్ను సగం దూరం సాగనంపేశారన్నమాట. పొమ్మని నోటితో చెప్పలేక ఆయన చెప్పులతో చెప్పారనుకున్నాను.

మర్నాటి నుంచి వెళ్ళడం మానేశాను. ఎందుకు మానేశావని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అదీ నాకు గుర్తుంది. సాయంత్రాలు పెరటి గోడ పక్కన కూర్చుని, అవతల కప్పులు కడుగుతున్న చప్పుడు వినేదాన్ని. రెండుసార్లు ఆయన గోడ మీదుగా, "ఏమ్మా, టీ చల్లారిపోతోంది," అని పిలిచారు. ముఖం తిప్పుకున్నాను. మూడోసారి పిలిస్తే వెళదామని అనుకున్నాను. చాలా సాయంత్రాలు ఆ గోడ దగ్గరే ఎదురుచూశాను. ఆయన పిలవలేదు. ఇల్లంతా మనుషులున్నా నాతో మాట్లాడే మనిషి లేకుండా ఆ సెలవులు గడిచిపోయాయి.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆయన మా నాన్నతో ఏదో పని ఉండి మా ఇంటికి వచ్చారు. చెప్పులు వాకిట్లో విప్పి లోపలికి వెళ్ళారు. ఇన్నాళ్ళకు చిక్కారనుకున్నాను. చెప్పులు చేత్తో ముట్టుకోవడం మా ఇంట్లో తప్పు, పొరపాటున తగిలినా చెయ్యి కడుక్కోవాలి. అయినా ఆ తడి చెప్పుల్ని రెండు చేతులతో ఎత్తి, వీధి వైపు తిప్పి, జతగా పెట్టి, తలుపు చాటున నిలబడ్డాను. పొమ్మంటే ఎలా ఉంటుందో ఆయనకూ తెలియాలి.

ఆయన బయటికి వచ్చి, కాలు పెట్టబోయి ఆగిపోయారు. వాటినే చూస్తూ మెట్టు మీద కూలబడ్డారు.

"ఎవరు తిప్పారు ఇవి?"

"నేనే," అన్నాను గట్టిగా.

ఆయన తిడతారని, తిట్లకు జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. కాని ఆయన కళ్ళు నిండిపోయాయి. "జపాన్ నుంచి వచ్చాక ఈ ఊళ్ళో నా చెప్పులు ఇలా పెట్టినదానివి నువ్వొక్కదానివే అమ్మడూ," అన్నారు.

అప్పుడు చెప్పారు. కోబేలో ఆయన ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకుని ఉండేవారు. మొదటి రోజు పనికి బయలుదేరబోతే గుమ్మం దగ్గర ఆయన బూట్లు వీధి వైపు తిరిగి ఉన్నాయి. గదిలో ఆవకాయ వాసన గిట్టక ఆవిడ వెళ్ళిపొమ్మంటోందని ఆయనకు పౌరుషం వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడకు ఎదురుపడకుండా వెళ్ళడం, ఎదురుపడకుండా రావడం, గదిలో ఒంటరిగా తినడం. ఆవిడ మాత్రం రోజూ తిప్పుతూనే ఉంది. వానలో తడిసి వచ్చిన రోజున కాగితాలు ఉండచుట్టి బూట్లలో కుక్కి మరీ తిప్పింది. ఆ కాగితాలు కూడా ఆయనకు అవమానంగానే కనిపించాయి. తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక, తోటి పనివాడొకడు విని పగలబడి నవ్వాడట. బయటికి వెళ్ళేవాళ్ళు తడబడకుండా తొడుక్కోవాలని ఇంటివాళ్ళు అలా తిప్పి పెడతారని, అది అక్కడ ఇంటికొచ్చిన వాళ్ళకు చేసే మర్యాద అని చెప్పాడట.

"మా అమ్మ వయసావిడ వంగి, నా బూట్లు చేత్తో పట్టుకుంది రోజూ. నేనావిడకి ఒక్క నమస్కారం పెట్టలేదు." చెబుదామని ఆ సాయంత్రం పరుగున వెళితే, ఆవిడ వేరే ఊళ్ళో కూతురింటికి వెళ్ళి ఉందట. ఈయన ఓడ ఎక్కే నాటికి తిరిగి రాలేదు.

"అందుకే మా ఇంటికి ఎవరొచ్చినా తిప్పుతాను. నీవీ తిప్పాను. నువ్వు మానేశాక తిప్పడానికి చెప్పులే లేవు," అని ఆయన తన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. మర్నాడు సాయంత్రం వెళ్ళాను. నా కప్పు ఎక్కడిదక్కడే ఉంది. పొమ్మనడానికే తిప్పానన్న సంగతి మాత్రం ఆయన పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు నేను కెనడాలో, విండ్సర్‌లో ఉంటున్నాను. మా ఆయనకు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉండేది. ఆయన పోయాక పైన నేనొక్కదాన్నే, కింద బేస్‌మెంట్‌లో చదువుకోవడానికి వచ్చిన ముగ్గురు తెలంగాణ ఆడపిల్లలు. ఈ మధ్య మా వీధి నిండా ఇలాంటి పిల్లలే, ఒక్కో ఇంట్లో ఆరేడుగురు. వాళ్ళ దారీ నా దారీ పక్క తలుపు నుంచే. పరుగులో "హాయ్ ఆంటీ" అనేసి వెళ్ళిపోతారు, నా జవాబు కోసం ఆగరు. ఇక్కడే మొన్నామధ్య వీధంతా పిలిచి నన్ను వదిలేసి పూజ చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అన్నీ గుర్తున్నాయి.

చలికాలంలో ఆ తలుపు దగ్గర, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకు తెల్లబడిన బూట్లు కుప్పగా పడి ఉంటాయి. కాఫీ షాపులో పొద్దుటి షిఫ్ట్ చేసే పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ బూటు కోసం వెతుక్కుని, బస్సు తప్పిపోవడం కిటికీలోంచి చూశాను. మర్నాటి నుంచి ముందే లేచి, మూడు జతలూ తలుపు వైపు తిప్పి పెట్టాను. నాలుగో రోజు ఆ పిల్ల మెట్లెక్కి పైకి వచ్చింది.

"ఆంటీ, మేమేమన్నా తప్పు చేసినమా? రూమ్ ఖాళీ చేయమంటున్నరా? ఇప్పుడు ఇక్కడ వేరే రూమ్ దొరకదు ఆంటీ. ఏమన్నా ఉంటే నోటితోనే చెప్పండి, షూస్ అట్ల పెట్టకండి."

ముందు నాకు కోపమే వచ్చింది. ఈ వయసులో వంగి వాళ్ళ బూట్లు ముట్టుకుంటే ఇదా ఫలితం అనుకున్నాను. తర్వాత ఆ పిల్ల ముఖం చూశాను. నాలుగు రోజులకే మెట్లెక్కి వచ్చి అడిగింది. నేను రెండు నెలలు గోడ పక్కన కూర్చున్నాను. మామయ్యగారు ఏడాదిన్నర పైగా అడగలేదు.

టీ పెట్టి, రెండు చేతులతో ఇచ్చి, ఇదంతా చెప్పాను. పొమ్మనడానికే తిప్పానన్న మాటతో సహా చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట అది. "అంటే మీరేమో ఆయన్ని పొమ్మని పెట్టిన్రు, ఆయనేమో మురిసిపోయిండు!" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ పడీపడీ నవ్వింది. అంత నవ్వాల్సిందేమీ లేదు.

మర్నాడు పొద్దున చూస్తే, నా బూట్లు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. లోపల పేపర్ టవల్స్ ఉండచుట్టి కుక్కి ఉన్నాయి. అవి తడిసినవేమీ కావు, నేను బయటికి వెళ్ళి వారాలైంది. వెళ్ళే పని కూడా లేదు. అయినా కాగితాలు తీసి, తొడుక్కుని, వీధి చివర బస్ స్టాప్ దాకా నడిచి వచ్చాను.

లోపలికి వచ్చాక వాటిని నేనే తలుపు వైపు తిప్పుకోవచ్చు. తిప్పను. ఆ రోజు నుంచి, విప్పినవి విప్పినట్టే ఇంటివైపు వదిలేస్తున్నాను. తిప్పడానికి ఎవరికైనా ఒక జత ఉండాలి కదా.